గండికోటకు ఎంత కెమెరా కావాలి?

ప్రొద్దుటూరులో ఎవరికైనా చీటీ డబ్బు చేతికొచ్చిందంటే ఇంట్లోవాళ్ల చూపు ముందు బంగారం అంగళ్ల మీదికే పోతుంది. 2024లో నాకు మూడు లక్షల చీటీ వచ్చింది. మధ్యలో పాడుకోకుండా ఆఖరు దాకా ఆగాను కాబట్టి కోత ఏమీ పడలేదు. మా ఆవిడ నాలుగు తులాలంది. అప్పటి రేటుకు సరిగ్గా నాలుగు తులాలే వస్తాయి, ఆమె లెక్క తప్పదు. నేను కెమెరా అన్నాను.

నా పని పద్దులు రాయడం. పత్తి వ్యాపారులకు, నగల అంగళ్లకు లెక్కలు చూసి, జీఎస్టీ రిటర్నులు వేసి బతుకుతాను. ఆదివారం తెల్లారకముందే బండి తీసి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు పోవడం నాకున్న ఒకే ఒక వ్యసనం. ఫొటోల మీద రూపాయి రాబడి లేదు. అందుకే కెమెరాను ఎవరైనా ‘పెట్టుబడి’ అంటే నేను ఒప్పుకోను. అది ఖర్చు. ఖర్చు పెట్టకూడదని కాదు, ఖర్చును ఖర్చు పద్దులోనే రాసుకుని, నెలకు ఎంత పడుతుందో చూసుకుని పెట్టాలి.

నా కన్ను పడింది చిన్న ఒంటి ఫుల్ ఫ్రేమ్ కెమెరాల మీద. ఫుల్ ఫ్రేమ్ అంటే పాత 35 మి.మీ. ఫిల్ము గడి అంత సెన్సర్, 36 మి.మీ. పొడుగు, 24 మి.మీ. ఎత్తు. నా పాత డీఎస్ఎల్ఆర్‌లో ఉన్న సెన్సర్ వైశాల్యం అందులో సగం కూడా ఉండదు. ఇంత పెద్ద సెన్సర్‌ను జేబులో పట్టేంత ఒంట్లో ఇరికించడం 2012లో సోనీ ఆర్ఎక్స్1తో మొదలైంది. దానికి 35 మి.మీ. ఎఫ్/2 లెన్స్ ఊడకుండా బిగించి ఉంటుంది. 2015లో లైకా 28 మి.మీ. ఎఫ్/1.7 లెన్స్‌తో క్యూ తెచ్చింది. 2020లో సోనీ ఎ7సి వచ్చింది. బ్యాటరీ, కార్డుతో కలిపి 509 గ్రాముల ఒళ్లు, లెన్స్ మార్చుకోవచ్చు, లోపల సెన్సరే కదిలి చెయ్యి వణుకును సర్దే ఏర్పాటుంది. తర్వాత వరస కట్టి వచ్చాయి. ఎవరిని అడిగినా తాము కొన్నదే మంచిదంటారు. దాంతో మనకు పని జరగదు.

అంగడికి పోయే ముందు నేను కూర్చున్నది నా పాత ఫొటోల ముందు. ప్రతి ఫొటో ఫైలులోనూ ఏ లెన్స్‌తో, ఎన్ని మి.మీ. దగ్గర, ఎంత షట్టరుతో, ఎంత ఐఎస్ఓతో తీశామో రాసి ఉంటుంది. డిజికామ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అన్నీ వరసగా పేర్చి చూపిస్తుంది. పద్దులు రాసేవాడికి ఇంతకన్నా సంబరం ఏముంటుంది? నా కోట ఫొటోలు దాదాపు అన్నీ 18 మి.మీ. దగ్గర గుంపు కట్టాయి, అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27. మనుషుల ఫొటోలు 28, 30 మి.మీ. దగ్గర, అంటే 42, 45. ఎంతో ముచ్చటపడి కొన్న పొడుగు జూమ్‌తో తీసినవాటిలో దాచుకోదగినవి మాధవరాయస్వామి గుడి గోపురం మీద వాలిన చిలకలవి తప్ప దాదాపు ఏమీ లేవు. అంటే నాకు కావలసినవి రెండే చూపులు, ఒకటి వెడల్పుది, ఒకటి మామూలుది. జూమ్ అక్కర్లేదు.

రెండో సంగతి ఇంకా తమాషాగా తేలింది. గండికోట పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే ఫొటో, ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్నా మలుపు తిరిగే ఆ లోయ ఫొటో, దానికి ఫుల్ ఫ్రేమ్ అవసరమే లేదు. తెల్లవారుజామున ట్రైపాడ్ వేసి, ఐఎస్ఓ 100 పెట్టి, పది సెకన్లు షట్టరు తెరిచి ఉంచితే రాయి కదలదు కదా. ఆ ఫొటోలు పాత కెమెరాతో తీసినవే గోడకు పెట్టుకునేంత బాగున్నాయి. లోయను చూపించి ఖరీదైన కెమెరాలు అమ్మే వీడియోలు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఆ పని మూడు వేల రూపాయల ట్రైపాడ్ చేస్తుంది.

మరి చెడిపోయిన ఫొటోలు ఎక్కడివి? కోట లోపలివి. మసీదు పక్కనే ఉన్న ధాన్యాగారంలోకి మధ్యాహ్నం పూట అడుగు పెట్టండి. బయట కళ్లు మిటకరించే ఎండ, లోపల అడుగు తీసి అడుగు వేయడానికి కూడా కాసేపు ఆగాలి. పైన కమాను కప్పు, ఎక్కడో పైనున్న కంతల్లోంచి జారే కాస్తంత వెలుతురు. ఆ వెలుతురులోకి ఎవరైనా పిల్లవాడు పరుగెత్తుకుంటూ వస్తే అదీ ఫొటో. పాత కెమెరాలో ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టరు 1/15 దాటేది కాదు, పిల్లవాడు పొగలా వచ్చేవాడు. పైగా పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల దగ్గర ట్రైపాడ్ వేయాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, కాబట్టి లోపల చేతి ఫొటోనే. ఇంకా చెడినవి ప్రొద్దుటూరువి. కంసాలి పనివాళ్ల గదుల్లో ఒక్క బల్బు కింద ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న మనిషి ముఖం, దసరాకు కన్యకాపరమేశ్వరి గుడి దగ్గర అర్ధరాత్రి దాటినా ఆగని ఊరేగింపు, తొట్టి మెరవణి. కదిలే మనుషులు, తక్కువ వెలుతురు. నా డబ్బు పోవలసింది అక్కడికి.

ఇక్కడ అంగట్లో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఫుల్ ఫ్రేమ్‌కు చీకట్లో వచ్చే లాభం ఒక స్టాపు (అంటే రెండింతల వెలుతురు), లేదా కాస్త ఎక్కువ. ఎ7సితో పాటు ఇచ్చే చిన్న 28-60 జూమ్ ఎఫ్/4తో మొదలై ఎఫ్/5.6 దాకా పోతుంది. పాత చిన్న సెన్సర్ కెమెరాకు ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే ఈ జంట కన్నా అదే చీకట్లో మెరుగు. ఫుల్ ఫ్రేమ్ కొని ఆ జూమ్ తగిలించడమంటే పెద్ద చెరువు తవ్వి ఇరుకు తూము పెట్టుకున్నట్టే. మరి నేనూ ఒక ఎఫ్/1.8 లెన్స్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని ఆలోచించాను. చౌకగా దొరికే 35 మి.మీ. లెన్స్ పాత కెమెరా మీద 50 లాగా ఇరుకైపోతుంది, ధాన్యాగారంలో గోడకు వీపు ఆనించినా చాలదు. వెడల్పుగానూ, వేగంగానూ ఉన్నది దానికి చౌకలో దొరకలేదు. అప్పుడు గానీ ఫుల్ ఫ్రేమ్ వైపు మొగ్గలేదు.

మిగతావి తేలిగ్గానే తీసేశాను. కెనాన్ ఆర్8 బ్యాటరీతో కలిపి 461 గ్రాములే, కానీ వణుకును సర్దే ఏర్పాటు ఒంట్లో లేదు. పానాసోనిక్ ఎస్9కు కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ లేదు, కడప ఎండలో వెనక తెర మీద ఏమీ కనపడదు. మెకానికల్ షట్టరు కూడా లేదు కాబట్టి మెరవణిలో ఎల్ఈడీ దీపాల కింద ఫొటోల మీద చారలు పడే ప్రమాదం ఉంది. నికాన్ జెడ్ఎఫ్ చూడముచ్చటైనది, 710 గ్రాములు, నా భుజానికి అక్కర్లేదు. లైకా క్యూ3 చూపు నాకు సరిగ్గా సరిపోయే 28, కానీ 2023లో వచ్చినప్పుడే దాని ధర అమెరికాలో ఆరు వేల డాలర్లకు కొంచెం తక్కువ. చీటీ మొత్తం పెట్టినా చాలదు.

మిగిలినవి ఎ7సి, దాని తమ్ముడు ఎ7సి 2. రెండోది 2023లో మన దేశంలో 2,13,990 రూపాయలకు వచ్చింది. 24 మెగాపిక్సెళ్లకు బదులు 33, ఫోకస్ ఇంకా చురుకు. సెన్సర్ సైజు అంతే, బరువు దాదాపు అంతే. వాడిన మొదటి ఎ7సి అప్పట్లో ఎ7సి 2 ధరలో సగానికి దొరుకుతుండేది. నాకు మెగాపిక్సెళ్లతో పని లేదు.

డబ్బు చేతిలో ఉన్నా నాకు సలహాలు ఆగలేదు. “నో కాస్ట్ ఈఎంఐ ఉంది కదన్నా” అన్నాడు అంగడి పిల్లోడు. నో కాస్ట్ అన్నది పేరుకే. నగదు పెడితే వచ్చే తగ్గింపు వదులుకుంటాం, క్రెడిట్ కార్డు మీదైతే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కడతాం, ప్రాసెసింగు ఫీజు వేరే. ఊర్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. లక్షకు ఏడాదికి 24 వేలు, కెమెరా ధర పడిపోతుంటే వడ్డీ పెరుగుతుంటుంది. కువైట్‌లో ఉన్న మా బావమరిది “అక్కడ వ్యాట్ లేదు బావా, తెస్తా” అన్నాడు. కడప జిల్లాలో ప్రతి ఇంటికీ ఇలాంటి బావమరిది ఒకడు ఉంటాడు. సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే అలవెన్సు దాటిన విలువకు విమానాశ్రయంలో సుంకం కట్టాలి, చాలా కంపెనీలు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. రెండూ కలిపితే మిగిలేది బావమరిది అభిమానమే.

కెమెరా చివరికి జమ్మలమడుగులో ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర దొరికింది. బస్టాండు దగ్గర టీ అంగట్లో కలిశాం. ఎందుకు అమ్ముతున్నావని అడిగాను.

“దీనికి కార్డు ఒకటే సార్. తాళి కట్టే టయానికి ఆ కార్డు పోయిందనుకో, నన్ను ఆ ఊర్లో బతకనిస్తారా? రెండు కార్డులు పట్టేది తీసుకుంటాండా.”

ఆయనకు అది పెద్ద లోపం, నాకు లోపమే కాదు. ధాన్యాగారం వచ్చే ఆదివారం కూడా ఉంటుంది. ఇలాంటి అమ్మకాలే నాకు నచ్చుతాయి, వస్తువు చెడి కాదు, పని మారి అమ్మేవి. లెన్స్‌ను ఎఫ్/16కు బిగించి టీ అంగడి సున్నపు గోడను ఫొటో తీశాను, సెన్సర్ మీద మచ్చలుంటే అందులో నల్ల చుక్కలుగా తేలతాయి. మూలన రెండు దుమ్ము చుక్కలు కనపడ్డాయి, బ్లోయరుతో ఊదితే పోయాయి. లెన్స్ లోపలికి ఫోను లైటు వేసి బూజు ఉందేమో చూశాను. బిల్లు మీది సీరియల్ నంబరూ, కెమెరా అడుగున ఉన్నదీ సరిచూశాను. “గోడను ఫొటో తీసేవాళ్లను యాడా చూళ్లేదు సార్” అని నవ్వాడాయన. ఈ చుట్టుపక్కల బేరాలు కొత్తవి కావు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చింది కూడా గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు తన సరుకు చూపించడానికే. ఆయన బేరం ఎంత సేపు సాగిందో గానీ మాది రెండు టీలతో తెగింది.

టీ తాగుతూ ఆయన పన్ను సంగతి అడిగాడు. అది నా ఇలాకా. ఏడాది రాబడి 20 లక్షలు దాటి జీఎస్టీలో నమోదైన ఫొటోగ్రాఫరు బిల్లు తన నంబరు మీద తీసుకుంటే, ఉదాహరణకు ఎ7సి 2 ధర 2,13,990లో కలిసి ఉన్న 32,643 రూపాయల పన్నును తాను కట్టవలసిన దాంట్లో తగ్గించుకోవచ్చు. 2019 జనవరికి ముందు కెమెరాల మీద పన్ను 28 శాతం ఉండేది, ఇప్పుడు 18. ఆదాయపు పన్నులో ఏడాదికి 15 శాతం తరుగుదల వస్తుంది. కానీ రాబడిలో ఇంత శాతం లాభమని చూపించేవాళ్లకు ఆ తరుగుదల వేరుగా రాదు. ఇవన్నీ విన్నాక ఆయన “ఇంగ మీరే మా లెక్కలు రాయండి సార్” అన్నాడు. రాస్తున్నాను కూడా.

ఒళ్లు 98,000, వాడిన 40 మి.మీ. ఎఫ్/2.5 లెన్స్ 36,000, 28 మి.మీ. ఎఫ్/2 లెన్స్ 21,000, ఇంకో బ్యాటరీకీ కార్డుకూ 9,000. మొత్తం 1,64,000. నాలుగేళ్ల తర్వాత అన్నీ కలిపి 80 వేలకు అమ్ముడుపోతాయని అనుకుందాం. పోయే 84 వేలను నెలలకు పంచితే 1,750. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే ఏడు శాతం చొప్పున నెలకు 957 వచ్చేది, దాన్నీ కలపాలి. అంటే నా వ్యసనం నెలకు సుమారు 2,700 రూపాయలు. ఈ అంకె చూసుకున్నాకే డబ్బిచ్చాను. మిగిలిన దాంట్లో మా ఆవిడకు తులమున్నర నాణేలు కొన్నాం, నగలైతే తరుగూ మజూరీ కింద ఇంకా పోయేది.

2025 ఏప్రిల్‌లో తులం లక్ష దాటింది. ఆ రోజు మా ఆవిడ కెమెరాను చూసిన చూపు ఏ లెన్స్‌కూ రాదు. “ఆ లక్షా అరవై నాలుగు వేలకు కూడా బంగారమే కొనుంటే ఇప్పుడెంతయ్యేది?” అని అడిగింది. సుమారు రెండు లక్షల ఇరవై వేలు. వెనక్కి తిరిగి చూసి వేసే ఆ నష్టాన్ని కెమెరా పద్దులో నేను రాయను, ఆమె మాత్రం తన పద్దులో రాసుకుంది. అదే ఏడాది జులైలో సోనీ ఆర్ఎక్స్1ఆర్ 3 తెచ్చింది. అయిదు వేల డాలర్లు దాటిన ధర. ఇంట్లో ఆ పేరెత్తలేదు.

మొన్న పులివెందుల నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. చీనీ తోటల మీద వీడియోలు పెడుతుంటాడు. “మామా, నీ కెమెరానే కొంటా” అన్నాడు. వద్దన్నాను. వాడు తీసేది పగటిపూట, తోటలో, అంతా వీడియోనే. మెరవణి ఎల్ఈడీ దీపాలు లేవు, తెర మీద చూస్తూ నడుస్తూ తీస్తాడు. ఎస్9 కొనుక్కోమన్నాను, నేను దాన్ని పక్కన పెట్టిన లోపాలు వాడికి పెద్దగా తగలవు. ఎండ పడితే తెరకు నీడగా ఒక అట్ట పెట్టుకోమన్నాను. కాపు డబ్బు వచ్చాక చూద్దామన్నాడు. ఈలోగా రేటు తగ్గాలని ఇద్దరం అనుకున్నాం. కెమెరా రేటు మామా, కాయ రేటు కాదు, అని వాడు రెండుసార్లు చెప్పి పెట్టేశాడు.