‘స్కాన్ అండ్ ఫిక్స్’ నొక్కకముందు

మా హార్డ్ డిస్క్ కింద పడలేదు, తడవలేదు, కాలిపోలేదు. కేబుల్ పెట్టగానే లైటు వెలిగేది, డ్రైవ్ కనిపించేది, ఖాళీ ఎంతుందో కూడా చూపించేది. దెబ్బతిన్నది డిస్క్ కాదు, అందులో ఏ ఫైలు ఎక్కడుందో రాసిపెట్టుకున్న లెక్క. ఆ తేడా నాకు అప్పట్లో తెలియదు. తెలియక, ఫొటోలు ఇంకా డిస్క్‌లో ఉండగానే వాటిని చేరే దారిని నా చేత్తో నేనే చెరిపేశాను. ఒక కుటుంబం పెళ్లి ఫొటోల్లో కొన్ని మళ్లీ రాకుండా పోయాయి. పెళ్లి ఫొటోల పనిలో ఉన్నవాళ్లకీ, ఇంట్లో ఒకే డిస్క్‌ని అన్ని కంప్యూటర్లకీ తిప్పేవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోలు తీసేది స్టూడియోవాళ్లు, వీడియో మిక్సింగ్ ఇంకో తమ్ముడిది, ఆల్బమ్ నాది. ముగ్గురి మధ్యా తిరిగేది 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒక్కటే. స్టూడియోలోనూ నా దగ్గరా విండోస్, మిక్సింగ్ తమ్ముడి దగ్గర మ్యాక్. విండోస్‌కి అలవాటైన ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది గానీ, విడిగా సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప అందులో రాయదు. ఫ్యాట్32 పెడదామంటే 4 జీబీ ఫైలు పట్టదు. పెళ్లి వీడియోకి అదెక్కడ సరిపోతుంది? అందుకని అందరూ చేసేదే మేమూ చేశాం, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకున్నాం.

ఎక్స్‌ఫ్యాట్ చెడ్డదని అనను. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది, పెన్‌డ్రైవ్‌లకీ మెమరీ కార్డులకీ చక్కగా కుదిరింది. 2010 నుంచి మ్యాక్ కూడా దాన్ని చదువుతుంది, రాస్తుంది. కానీ దానికి జర్నల్ లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఏ మార్పు చేయబోతున్నా ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా, తర్వాత ఆ చిట్టా చూసుకుని తన లెక్క సరిచేసుకుంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి ఆ వెసులుబాటు లేదు. ఊళ్లో అడంగల్ కాలిపోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. ఏ చెక్క ఎవరిదో చెప్పే కాగితమే ఉండదు. రాస్తూ రాస్తూ ఉండగా పీకేసిన ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ పరిస్థితి అదే.

మేం పీకేవాళ్లం. మాఘమాసం ముహూర్తాల్లో ఎవరికి తీరిక? కాపీ గీత చివరిదాకా వచ్చిందంటే అయిపోయినట్టే అనుకుని డిస్క్ సంచిలో వేసుకుని బయల్దేరేవాళ్లం. పైగా మా డిస్క్‌కి ఉన్నది వెడల్పుగా, రెండు భాగాలుగా ఉండే యూఎస్‌బీ పిన్ను. వాడీ వాడీ వదులైపోయింది. కాస్త కదిలితే చాలు, కంప్యూటర్‌లో ‘టుడుంగ్’ మని మోగి డ్రైవ్ మాయమయ్యేది, మళ్లీ అదే వచ్చేది. ఆ శబ్దానికి ఎంత అలవాటు పడ్డామంటే, మోగినా తల తిప్పి చూసేవాళ్లం కాదు. మోగిన ప్రతిసారీ డిస్క్‌ని ఎజెక్ట్ చేయకుండా పీకినట్టేనని ఇప్పుడు తెలుసు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా కంప్యూటర్ పూర్తిగా ఆగిపోదు. లోపలి వ్యవస్థ తన జ్ఞాపకాన్ని డిస్క్‌లో దాచుకుని పడుకుంటుంది, పొద్దున అక్కణ్నుంచే లేస్తుంది. నేను రాత్రి షట్‌డౌన్ చేసి ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకెళ్లి మ్యాక్‌లో పెట్టించి, అందులో కొత్త ఫైళ్లు వేయించుకొచ్చి, కంప్యూటర్ ఆన్ చేయకముందే మళ్లీ తగిలించేవాణ్ని. అలా చేస్తే విండోస్ తనకు గుర్తున్న పాత లెక్కనే నమ్మి దాని మీదే రాసే ప్రమాదం ఉంది. రీస్టార్ట్ కొడితే ఈ గొడవ లేదు, అది నిజంగానే ఆగి మొదలవుతుంది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టినా అంతే.

మొదట హెచ్చరికలా కనిపించినదాన్నే మేం తప్పుగా చదువుకున్నాం. మ్యాక్‌కి వెళ్లొచ్చిన ఫోల్డర్‌లో ప్రతి ఫొటోకీ జంటగా, పేరు ముందు చుక్కా కిందిగీతా ఉన్న 4 కేబీ ఫైలు కనిపించింది. తెరిస్తే తెరుచుకోదు. “అన్నా, నీ డిస్క్‌కి వైరస్ పట్టింది” అన్నాడు స్టూడియో కుర్రాడు. మా ఊరి స్టూడియోల్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయే వైరస్ చూడనివాడు లేడు, అందుకే అందరి అనుమానమూ అటే పోయింది. నిజానికి అవి మ్యాక్ తన అదనపు సమాచారం దాచుకునే ఫైళ్లు. వాటివల్ల హాని లేదు, ఫొటోలకు ఏమీ కాలేదు. వాటిని చూసి కంగారుపడ్డాం, స్కాన్లు చేశాం. అసలు చూడాల్సిన వదులు పిన్నుని మాత్రం చూడలేదు.

అసలు హెచ్చరిక తర్వాత వచ్చింది. ఒక ఫొటో తెరిస్తే పైన పెళ్లికూతురి బాసికం, కళ్లు స్పష్టంగా ఉన్నాయి. ముక్కు దగ్గర సన్నటి గులాబీరంగు చార. దాని కిందంతా బూడిదరంగు. సైజు చూస్తే మామూలుగానే ఉంది. పక్క ఫొటో అసలు తెరుచుకోలేదు. ఒక ఫోల్డర్ పేరు ఏ భాషకీ చెందని గుర్తులుగా మారిపోయింది. డిస్క్ తీసి మళ్లీ పెట్టేసరికి విండోస్ ఎప్పుడూ అడిగే మాటే అడిగింది: డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా? ‘స్కాన్ అండ్ ఫిక్స్’ నొక్కాను.

అది నా అసలు తప్పు. ఆ బటన్ వెనక పనిచేసే చెక్‌డిస్క్‌కి మన ఫొటోలతో సంబంధం లేదు. లెక్కలో పొంతన కుదర్చడమే దాని పని. పొంతన లేని పేర్లని తీసేస్తుంది. ఏ పేరుకీ అతకని ముక్కల్ని ‘ఫౌండ్.000’ అనే ఫోల్డర్‌లో వరస నంబర్లతో, సీహెచ్‌కే అనే తోకతో పడేస్తుంది. మిగిలిన చోటు ఖాళీ అని రాసేస్తుంది. అది అయ్యాక డిస్క్ మళ్లీ ఆరోగ్యంగా కనిపించింది, నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే ఇంకో పెళ్లి ఫొటోలు తెచ్చి అదే డిస్క్‌లో వేశాను. ఖాళీ అని చూపించిన చోటులో పాత ఫొటోలు ఇంకా ఉన్నాయి. వాటి మీద కొత్తవి పడ్డాయి.

మెమరీ కార్డులు చూద్దామంటే, తర్వాతి ముహూర్తానికి వాటిని ఎప్పుడో ఫార్మాట్ చేసేశారు. ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికాను. అది డిస్క్‌లో లెక్క జోలికి పోదు. ప్రతి ఫొటో మొదట్లో ఉండే గుర్తుని పట్టుకుని నేరుగా తవ్వి తీస్తుంది. చాలా ఫొటోలే వచ్చాయి. పేర్లు మాత్రం రాలేదు, అన్నీ అంకెలే. ముక్కలుగా చెదిరి ఉన్నవి సగం సగమే వచ్చాయి. ఫొటోలోపల కెమెరా రాసిన తీసిన సమయాన్ని బట్టి వాటిని వరసలో పెట్టుకున్నాను. స్నాతకం, గౌరీపూజ, జీలకర్ర బెల్లం అన్నీ వచ్చాయి. తలంబ్రాల దగ్గర పెద్ద ఖాళీ.

పెళ్లికూతురి అమ్మగారు స్టూడియోకి వచ్చి అడిగింది ఆ ఖాళీ గురించే. “మా నాన్నగారు అక్షింతలు వేసినప్పుడు తీశారు కదా బాబూ, అది పెద్దది చేయించాలి.” ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. వీడియోలోంచైనా ఒక బొమ్మ తీయగలమా అని అడిగారు. తీసిచ్చాను. ఆల్బమ్‌లో పెట్టదగ్గ స్పష్టత దానికి లేదు, అయినా పెట్టమన్నారు, పెట్టాను.

అప్పట్నుంచి పద్ధతి మార్చాం. డిస్క్‌లో ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు అందులో రాయడం ఆపేస్తాం. బటన్ ఏది కనిపించినా నొక్కం. కేబుల్ మార్చి, క్యాబినెట్ ముందు పోర్టు వదిలేసి వెనక పోర్టుకి తగిలించి చూస్తాం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5 వరసలు చూస్తాం. ఒకటి చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క, రెండోది చదవడానికి మొరాయిస్తున్నవాటి లెక్క. మా డిస్క్‌కి రెండూ సున్నాలే, అంటే ఇనుములో దోషం కనిపించలేదు, తప్పు మా వాడకంలోనే. ఆ అంకెలు పెరుగుతున్నా, లోపల టిక్కు టిక్కుమని చప్పుడొస్తున్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఆపేసి డేటా రికవరీ తెలిసినవాళ్లకి ఇవ్వాలి. డిస్క్ బాగుంటే డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో దాని మొత్తాన్నీ ఇంకో డిస్క్‌లోకి అచ్చంగా దింపుకుని, చెక్‌డిస్క్ అయినా ఫొటోరెక్ అయినా ఆ నకలు మీదే నడుపుతాం. తీసిన ఫైళ్లు మూడో చోట పడాలి.

ఇక మోసుకుతిరిగే డిస్క్ ఎక్స్‌ఫ్యాట్‌లోనే ఉంది, కానీ అందులో ఏ పెళ్లికీ ఒక్కగానొక్క కాపీ ఉండదు. అసలు ఫొటోలు స్టూడియోలో కదలని ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ఒకటి, నా దగ్గర ఒకటి. ఆల్బమ్ చేతికిచ్చేదాకా కార్డులు ఫార్మాట్ చేయం. ఎజెక్ట్ కొట్టి, తీయొచ్చు అని చెప్పాకే తీస్తాం. పెద్ద ఫైళ్లు కాపీ అయ్యాక విండోస్‌లో సర్ట్‌యుటిల్‌తో, మ్యాక్‌లో షాసమ్‌తో రెండువైపులా ఫైలుకి వేలిముద్రలాంటి ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతం తీసి సరిచూస్తాం. సైజు సరిపోయినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదని ఆ బూడిదరంగు ఫొటోయే చూపించింది.

మీ ఇంటి పెళ్లి ఫొటోలు స్టూడియోవాళ్ల డిస్క్‌లోనో, ఇంట్లో అందరూ వాడే ఒక్క డిస్క్‌లోనో ఉంటే, ఈ వారంలోనే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయించుకోండి. మా స్టూడియోలో అయితే అడిగిన వాళ్లకి డబ్బు తీసుకోకుండా చేసిస్తున్నాం. మీరూ అడగండి, మొహమాటపడకండి.