గుండె చుట్టూ నీరు

మా పల్లెలో గుండెజబ్బంటే షావుకార్ల జబ్బు. నెయ్యి తిని కదలకుండా కూర్చునేవాళ్ళకొచ్చేది. చెమటోడ్చే మాదిగోళ్ళకు గుండెజబ్బేందని మా అమ్మ నవ్వేది.

గుడిసెల్ని వెతుక్కుంటూ వచ్చే గుండెజబ్బు కూడా ఒకటుంది. మేం ఏడుగురం ఒకే గదిలో, ఒకరి ఊపిరి ఒకరం పీల్చుకుంటూ పడుకునేవాళ్ళం. అట్లాంటిచోట పిల్లల గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. మందులేక వదిలేస్తే కొందరిలో అది కీళ్ళవాత జ్వరమై గుండె కవాటాలను కాటేస్తుంది. చిన్నప్పుడు మా అక్కకు మోకాళ్ళు వాచి జ్వరమొస్తే, గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వాపు పోయింది. లోపల మైట్రల్ కవాటం రెక్కలు ఏళ్ళ తరబడి అతుక్కుపోతూ వచ్చాయి. ఆ గుండెతోనే అక్క మిరపకోతలకు పోయింది. ఆ కూలిడబ్బులతోనే నేను బి.ఎడ్. చదివాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది.

2019లో అక్క నాలుగడుగులేస్తే ఆయాసపడుతుంటే, ఆరోగ్యశ్రీ కింద పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చాం. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండె గదుల మధ్య గోడకు సూదితో రంధ్రం చేసి, అతుక్కున్న కవాటాన్ని బెలూన్‌తో విప్పుతారు. జపాన్ డాక్టరు ఇనోవే 1984లో లోకానికి తెలియజేసిన పద్ధతి. ఛాతీ కొయ్యక్కర్లేదు. కాని ఎప్పుడైనా ఆ సూది గుండె బయటిగోడకు తగిలితే రక్తం కారి, గుండె చుట్టూ ఉండే సంచిలో చేరుతుంది. సంతకం పెట్టించుకున్న ఇంగ్లీషు కాగితంలో ఆ సంగతుంది. నేను చదివి, డాక్టర్ని అడిగి తెలుసుకుని, అక్కకు మన మాటల్లో చెప్పాను.

“తాగే నీళ్ళకోసం బావికాడ కొట్లాడితిమి. అడక్కుండానే గుండెకాడికి నీళ్ళొస్తయ్యంటరా తమ్ముడా?” అంది.

కవాటం బాగానే విచ్చుకుంది. సాయంత్రం వార్డులో “గుండెమీద రోలు పెట్టినట్టుందిరా, పడుకుంటే ఊపిరాడట్లా” అంది. ఒళ్ళంతా చెమట. చేతులు చల్లబడ్డాయి. మెడ నరాలు ఉబ్బాయి. డ్యూటీలో ఉన్నామెకు చెబితే తలెత్తకుండానే, “భయం. మీవాళ్ళు చిన్నదానికే గోల చేస్తారు” అంది. మావాళ్ళంటే ఎవరో ఆమె విడమర్చలేదు. నాకు విడమర్చి చెప్పాల్సిన పనీ లేదు.

డాక్టర్ల గదికి పరిగెత్తి, ఉన్నదంతా ఇంగ్లీషులో చెప్పాను. కుర్రడాక్టరు కుర్చీలోంచి లేచాడు. బీపీ పైఅంకె 70. ఎకో మిషను పెడితే తెరమీద గుండె చుట్టూ నల్లటి పట్టీ. ఆ సంచిలో మామూలుగా ఉండే నీరు 50 మిల్లీలీటర్ల లోపే. సంచి ఒక్కసారిగా సాగదు. కాసేపట్లో 150, 200 మిల్లీలీటర్లు చేరితే చాలు, గుండెను నొక్కేస్తుంది. నిండని గుండె ఏం తోడి పోస్తుంది? రొమ్ము ఎముక కింద సూది గుచ్చి లాగితే ముదురెరుపు రక్తం. సిరంజి మీద సిరంజి. అంకె 100 దాటింది. అక్క నిండుగా ఒక ఊపిరి తీసింది. ఆ రాత్రంతా సన్నటి పైపు ఉంచారు.

ఆ చేతులకు దండం. సూది తగిలినందుకు నాకు కోపం లేదు. ఎంత నేర్పరి చేతిలోనైనా అది జరగొచ్చు. నా కోపమంతా మధ్యలో పోయిన నిమిషాల మీద. అక్క తన బాధను ఒక్క ముక్క పొల్లుపోకుండా తెలుగులో చెప్పింది. ఆ తెలుగు ఆసుపత్రి చెవికెక్కడానికి నా ఇంగ్లీషు కావాల్సి వచ్చింది. చదివిన తమ్ముడు లేని అక్కలు మన పల్లెల్లో ఎంతమంది?

అక్క ఇప్పుడు 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటోంది. మళ్ళీ ఆ జ్వరం తిరగబెట్టకుండా. నా క్లాసులో ఏ పిల్లయినా గొంతునొప్పి, జ్వరమంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతాను. చీటీ రాసి, సంతకం పెట్టి, కింద ‘ప్రభుత్వోపాధ్యాయుడు’ అని హోదా కూడా రాస్తాను. పిల్ల మాట వినకపోయినా హోదా మాట వింటారని. ఆ చీటీ అక్కర్లేకుండానే మా పిల్ల నోటిమాట చెల్లే రోజు రావాలి.