మా బిడ్డ లాసెట్ రాసిన ముచ్చట

రోజూ మిర్చి మీదనో యూరియా మీదనో రాసేవాడిని, ఇవాళ పరీక్ష గురించి రాస్తున్న. పోయిన వారం ఇద్దరు ముగ్గురు ఆపి మరీ అడిగిండ్రు, "మీ బిడ్డ వకీలు చదువుకు ఎట్ల పోయింది, డొనేషన్ ఎంత కట్టినవ్" అని. డొనేషన్ ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

ఇంటర్ బైపీసీ చదివింది. నీట్‌లో సీటు వచ్చేటట్టు లేదు. ఇంకో ఏడు కోచింగ్ అంటే లక్షకు తక్కువ లేదు. మిర్చి ధర ఎట్ల పడిందో మీకు నేను చెప్పేదేముంది. డిగ్రీలో వేద్దాం అని నేను అనుకుంటున్న. ఒకరోజు రాత్రి అన్నం తినుకుంటనే "నాయినా, నేను లా చదువుతా" అన్నది. వాళ్ల మేనమామ అక్కడనే ఉన్నడు. "ఆడపిల్ల కోర్టుల పొంట తిరిగితే సంబంధం ఎట్ల వస్తదే" అన్నడు. నా మనసుల కూడా అదే ఉండె, అబద్ధమెందుకు.

ముందు క్లాట్ సంగతి కనుక్కున్నం. శామీర్‌పేటల ఉన్న నల్సార్ లాంటి పెద్ద లా యూనివర్సిటీలకు అది రాయాలె. దరఖాస్తుకే నాలుగు వేలు. పేపరు మొత్తం ఇంగ్లీషే, తప్పు జవాబుకు పావు మార్కు కోత. పైగా డిసెంబర్‌లనే అయిపోయింది. మా పిల్ల పదో తరగతి దాక తెలుగు మీడియం. లాసెట్ అట్ల కాదు, ప్రశ్నలు తెలుగులో కూడా ఉంటయి. ఇంటర్ అయినోళ్లకు ఐదేండ్ల కోర్సు, డిగ్రీ అయినోళ్లకు మూడేండ్లది. ఇంటర్‌లో 45 శాతం మార్కులుండాలె, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. పరీక్ష గంటన్నర, 120 ప్రశ్నలు. అందులో జనరల్ నాలెడ్జి 30, కరెంట్ అఫైర్స్ 30, చట్టానికి సంబంధించినవి 60. 42 మార్కులొస్తే పాసైనట్టు, ఎస్సీ ఎస్టీలకు ఆ పట్టింపు కూడా లేదు. తప్పు రాస్తే కోత లేదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు. ఇంకో సంగతి, దీనికి వయసు అడ్డం లేదు. "నేను కూడా ఇంటర్ పాసే, ఇద్దరం కలిసి రాస్తం" అంటే మా ఇంటావిడ "ముందు ఆ బోరు మోటరు బాగు చేయించు" అన్నది.

కోచింగ్‌కు పంపలేదు. అప్పుడు మిర్చి కల్లంల ఆరబోసి ఉన్నది, రాత్రి కావలి నాదే. పాత పేపర్లు ప్రింటు తీయించి తెచ్చింది. మంచం మీద కూసోని ఫోను లైటు పెట్టి నేను ప్రశ్న చదువుడు, ఆమె జవాబు చెప్పుడు. ఒకనాడు "ఆస్తి హక్కు ఏ రకం హక్కు" అని వచ్చింది. నేను ప్రాథమిక హక్కు అన్న. కాదట. 1978లో 44వ సవరణతోటి ప్రాథమిక హక్కుల నుంచి తీసేసిండ్రట, ఇప్పుడు 300ఏ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కు మాత్రమేనట. యాభై ఏండ్లు దాటినంక ఆ సంగతి కల్లంల తెలిసింది నాకు.

ఇంకొకటి చెప్పాలె. ఒకడు తన భూమిల నీళ్లు నిలవజేసిండు, అవి పోయి పక్కవాని భూమిని ముంచినయి, వాని నిర్లక్ష్యం లేకున్నా నష్టం కట్టాల్నా అని ప్రశ్న. కట్టాలె అనేది జవాబు. ఇంగ్లండ్‌ల ఒకాయన మిల్లు కోసం చెరువు కట్టిస్తే నీళ్లు పాత గని దారులల్ల పడి పక్కాయన బొగ్గు గనిలకు పోయినయి. రైలాండ్స్, ఫ్లెచర్ కేసు, 1868ల తీర్పు. ఆపద తెచ్చేదాన్ని తెచ్చి పెట్టుకున్నోనిదే పూచీ అన్నరట.

ఇది చదివి నేను ఆగిపోయిన. నాలుగేండ్ల కింద మీద చేనాయన నీటి కుంట కట్ట తెగి, నాటు పెట్టి ఇరవై రోజులైన నా ముప్పావు ఎకరం మిర్చి కొట్టుకపోయింది. పెద్దమనుషులల్ల కూసుంటే "వాన దేవుడు చేసిన పనికి మనిషేం జేస్తడు" అన్నరు. నేను సరే అని కాగితం మీద సంతకం పెట్టి వచ్చిన. బిడ్డకు అంతా యాదికున్నది. "దైవ చర్యకు మినహాయింపు ఉన్నది నాయినా, కానీ ఎవ్వరూ ముందుగాల ఊహించలేనిది అయ్యుండాలె. ఆ కట్టకు ఎండ్రకాయల బొక్కలున్నయని నువ్వు నెల ముందే చెప్పినవ్ కదా. అప్పుడు ఆయన దేవుని మీదికి నెట్టుడు కష్టం" అన్నది. నేనేం మాట్లాడలే. దాన్ని మళ్లీ తిరగదోడను, ఆయన మనోడే, మొన్న కూడా నాగలి ఇచ్చిండు. కానీ ఆ రాత్రి నుంచి లా ఎందుకని నేను అడగలే. మేనమామకు నేనే చెప్పుకున్న.

పిల్ల తిప్పలంతా కరెంట్ అఫైర్స్‌తోటే. ఇంట్ల మొదటిసారి టైం పెట్టుకొని రాస్తే మొత్తం 39 వచ్చినయి, అందుల కరెంట్ అఫైర్స్ 30కి 6. మన ఊరికి పేపరు రాదు కదా. క్రాస్‌రోడ్డు కాడి హోటల్ ఆయన పాత పేపర్లు మిర్చి బజ్జీలకు చింపకుండ నాకు దాచి పెట్టేటోడు, వారానికోసారి సంచిల తెచ్చేది. అసలు పరీక్షల 71 వచ్చినయి.

ఇగ మా తప్పు చెప్తా, మీరు చేయొద్దు. దరఖాస్తు నెట్ సెంటర్ల పెట్టించినం. ఆ పిల్లగాడు తొందరకు తన ఫోను నంబరే కొట్టిండు, మేం చూసుకోలే. కౌన్సెలింగ్‌ల సర్టిఫికెట్ల పరిశీలన ఆన్‌లైన్‌లనే. కుల సర్టిఫికెట్ స్కాన్ సక్కగ లేదు, మళ్లీ పెట్టుమని మెసేజ్ ఆ నంబరుకే పోయింది. అతను పెండ్లి పనుల ఉండి చూడలే. మాకు తెలిసేసరికి మొదటి విడత అయిపోయింది. ఆ రెండు వారాలు పిల్ల అన్నం సక్కగ తినలే, మా ఇంటావిడ నాతోని మాట్లాడలే. రెండో విడతల హైదరాబాద్‌ల ఒక ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా సీటు వచ్చింది. హన్మకొండల వస్తే ఇంటికి దగ్గరుండు, కానీ ర్యాంకు అంతే.

ఫోను నంబరు మీదే ఇయ్యండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు నోటిఫికేషన్ రాంగనే మీసేవల పెట్టుకోండి, పరీక్ష అయినంక చూద్దామనొద్దు.

ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నది. పాత పేపర్లు, ఆమె రాసుకున్న నోట్సు, అంతా తెలుగుల ఉన్నది, ఒక యూరియా సంచిల కట్టి అటక మీద పెట్టిన. మన పిల్లలెవరైనా రాస్తం అంటే ఇంటికొచ్చి తీసుకపోండి. చదివినంక మాత్రం తిరిగి తెచ్చియ్యండి, ఇంకొకరికి పనికొస్తయి.