మాల లేకుండా మానేస్తే

మన పార్టీల్లో గ్లాసు వద్దన్నవాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "ఏంటి, మాల వేసుకున్నావా?"

ఇక్కడ ఒహాయోలో చలి ముదిరే రోజుల్లో ఆ ప్రశ్న సహజమే. అయ్యప్ప దీక్షలో ఉన్న మనవాళ్లు ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. వాళ్లకి దక్కే గౌరవం చూడండి. ఆ మండలం రోజులూ అతను స్వామి. పళ్లెం వేరు, వంట వేరు. బేస్‌మెంట్‌లో సీసాలు తెరిచినా అతని దరిదాపుల్లోకి ఎవరూ గ్లాసు తీసుకురారు. ఎందుకు తాగడం లేదని ఒక్కరూ నిలదీయరు. అదే మాల లేకుండా, నాకది జబ్బు కాబట్టి మానేశానని చెప్పి చూడండి. "అంత దాకా వచ్చిందా?" అంటారొకరు. "ఒక్క పెగ్గుకి ఏమవుతుంది గురూ" అంటారింకొకరు. మరుసటి వారం పిలుపులు తగ్గుతాయి.

నలభై ఒక్క రోజుల నియమానికి దండం పెట్టేవాళ్లం, బతికున్నన్నాళ్లూ పాటించాల్సిన నియమాన్ని ఎందుకు చిన్నచూపు చూస్తాం? చాలాకాలం ఆలోచిస్తే నాకు తోచింది ఇది. మాల తీశాక స్వామి మళ్లీ తమతో కూర్చుంటాడని తాగేవాళ్లకి తెలుసు. పూర్తిగా మానేసినవాడు కూర్చోడు. వాడి ఖాళీ చెయ్యి చూసినప్పుడు పక్కవాడికి తన గ్లాసు లెక్క గుర్తొస్తుంది. అప్పుడు నోటికొచ్చే మాటలు నా గురించినవి కావు. ఈ సంగతి అర్థమయ్యాక నేను సంజాయిషీ చెప్పడం మానేశాను. "మానేశానన్నా, మజ్జిగుంటే ఇవ్వండి." అంతే. రెండోసారి అడిగితే అదే మాట, అదే గొంతుతో. మూడోసారి అడిగే ఇంటికి మళ్లీ వెళ్లను.

మేముండే చోటికి ఆక్రన్ దగ్గరే. న్యూయార్క్ నుంచి పనిమీద వచ్చిన బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, స్థానిక సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్‌ని 1935లో కలిసింది ఆ ఊళ్లోనే. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అక్కడే. బాబ్ గారి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అయితే ఆ చరిత్రలో నన్ను కదిలించింది ఇంకో ముక్క. 1939లో సిస్టర్ ఇగ్నేషియా అనే నన్, డాక్టర్ బాబ్ కలిసి అక్కడి సెయింట్ థామస్ ఆస్పత్రిలో తాగుడు రోగుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టారు. మొదటి రోగిని చేర్చేటప్పుడు కాగితం మీద రాసిన జబ్బు గ్యాస్ట్రైటిస్! తాగుడని ఉన్నదున్నట్టు రాస్తే ఆ రోజుల్లో ఆస్పత్రుల్లో మంచం దొరకడం కష్టం. అది చదివితే మా గుంటూరు చుట్టాలందరూ కళ్లముందు మెదిలారు. మా వైపు తాగుడుతో పోయినవాడు ఒక్కడూ లేడు. అందరూ కామెర్లతోనో, కడుపులో పుండుతోనో పోయినవాళ్లే. తాగుడు జబ్బేననీ, మామూలు ఆస్పత్రుల్లోనే వైద్యం చేయాలనీ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే చెప్పింది. మన ఇళ్లలో ఇంకా కామెర్ల దగ్గరే ఉన్నాం.

మా ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగు ఒక చర్చి కింది గదిలో జరుగుతుంది. మడత కుర్చీలు, పెద్ద గిన్నెడు కాఫీ. చర్చి ముందు నా కారు చూసి, మేం మతం మారామని ఊళ్లో ఒక మాట పుట్టింది. నా భార్య ఖండించబోతే నేనే ఆపాను. పోనీ, అనుకోనీ. ఆ గదిలో నాకు దొరికేది అంతకన్నా పెద్దది. మనలో ఎవరైనా కొత్తగా కలిస్తే ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఫలానావాళ్లు మీకేమవుతారు అని నాలుగు మాటల్లో తాతముత్తాతల దాకా వెళ్తాం. అక్కడ ఉత్త పేరు చాలు. నేను ఎవరి కొడుకునో, ఎవరి అల్లుణ్నో ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి నా మాటలు ఏ వంశం పరువుకీ తగలవు.

ఇక ఇంటి విషయం వేరు. షాపు నుంచి ఆలస్యంగా వస్తే నా భార్య వంటింట్లోంచి గుమ్మం దాకా వస్తుంది. అవసరం లేకపోయినా ఏదో ఒకటి అడుగుతుంది, పాలు తెచ్చావా అనో, బయట చలిగా ఉందా అనో. నేను నోరు తెరవాలి, ఊపిరి వాసన ఆమెకి తెలియాలి. నాకు తెలుసని ఆమెకీ తెలుసు. నేను దగ్గరగా నిలబడే జవాబు చెప్తాను. ఆమెకి ఆ అనుమానం ఊరికే రాలేదు. అది ఎప్పుడు పోవాలో నిర్ణయించాల్సింది ఆమే. పార్టీలో వేలు చూపించేవాళ్లనీ, గుమ్మంలో ఊపిరి వెతికే మనిషినీ ఒకే గాటన కట్టకూడదు. వాళ్లకి ఆ హక్కు లేదు, ఈమెకి ఉంది.

పైగా నాకన్నా ఎక్కువ మాటలు పడింది ఆమే. "మొగుణ్ని ఆ మాత్రం అదుపులో పెట్టుకోలేకపోయిందా?" అన్నది చదువుకున్న ఆడవాళ్లే. ఆ మాట గుర్తొస్తే నాకు ఈ రోజుకీ ఒళ్లు మండుతుంది. బిల్ విల్సన్ భార్య లోయిస్ లాంటివాళ్లు 1951లో కుటుంబసభ్యుల కోసం అల్-అనాన్ పెట్టారు. నా భార్య ఆ మీటింగులకి వెళ్తోంది. అక్కడ ఏం మాట్లాడుతుందో నేనడగను.

కిందటి వారం ఒకబ్బాయి ఫోన్ చేశాడు. వీసా మీద ఉన్నాడు, కొత్తగా పెళ్లయింది. "అన్నా, రేపట్నుంచి చుక్క ముట్టను. నాన్నకి చెప్పాలా వద్దా?" అన్నాడు. రోజూ తాగుతున్నావా అంటే పొద్దున్నే చేతులు వణుకుతున్నాయన్నాడు. నాకు భయమేసింది. అలాంటి ఒళ్లు ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పట్టుదల ఒక్కటీ చాలదు, మందులు కావాలి. ముందు డాక్టర్‌కి చెప్పు, ఏదీ దాచకు, ఎంత తాగుతున్నావో అంతా చెప్పు, వణుకు ఎక్కువైతే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లు అన్నాను. ఆఫీసులో తెలుస్తుందేమోనని అతని దిగులు. వ్యసన చికిత్స రికార్డుల గోప్యతకి ఇక్కడ ప్రత్యేకంగా ఫెడరల్ నిబంధనలున్నాయని చెప్పాను. నాన్న సంగతి తర్వాత చూద్దామన్నాను. భార్యకి మాత్రం ఆ రాత్రే చెప్పమన్నాను. చెప్పాడట. మర్నాడు పొద్దున్నే అపాయింట్‌మెంట్ కోసం డాక్టర్‌కి ఫోన్ చేసింది ఆ అమ్మాయే.