జీరో బల్బూ, జల్లెడా

ఫిల్టరంటే మనకు తెలిసింది కాఫీ ఫిల్టరు. రేడియోకీ ఒకటుంటుందనీ, దానికోసం పెద్దమనుషులు రాత్రిళ్లు రాగితీగ చుడుతూ కూచుంటారనీ 2019లో మావారు రిటైరయ్యేదాకా నాకు తెలీదు.

రేడియో అంటే పెట్టె కాదు. కంప్యూటరుకు తగిలించే బొటనవేలంత ముక్క. టీవీ చూడ్డానికని చేసిన దాంతో రకరకాల రేడియో తరంగాలు వినొచ్చని 2012లో ఔత్సాహికులు కనిపెట్టారు. పేరు ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్. దానికోసం మిద్దెమీద నేను బట్టలారేసే తీగ పక్కనే ఇంకో తీగ వెలిసింది.

ఈయనకు పాటలక్కర్లేదు. 500 కిలోహెర్ట్జ్‌కు కింద ఏముందో వినాలి. అక్కడ కొన్ని విమానాశ్రయాల బీకన్లు తమ గుర్తును మోర్సు అక్షరాల్లో చెప్పుకుంటూ ఉంటాయి. ఇంకా కిందికి, 30 లోపలికి దిగితే నీళ్లలో మునిగున్న జలాంతర్గాములకు నౌకాదళం పంపే సందేశాలు. ఒక్కో అల పొడవు కిలోమీటర్లలో ఉంటుంది. తమిళనాడులో ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ చేసే పని అదే. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో 2024 అక్టోబరులో అలాంటి రెండో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సముద్రం లేనిచోట నౌకాదళమేమిటని మా ఆడపడుచు ముక్కుమీద వేలేసుకుంది!

అయితే కడపలో కూచుని ఇవి వినడం సామాన్యమా? ఊళ్లోనే 1963 నాటి ఆకాశవాణి కేంద్రం, 900 కిలోహెర్ట్జ్ మీద. ఎక్కడ తిప్పినా దాని నీడే. తప్పు స్టేషనుది కాదు, ఈ ముక్కది. వచ్చిన శబ్దాన్ని కొలవడానికి దానికున్నవి 256 మెట్లే. పెద్దగొంతు అన్నిట్నీ ఆక్రమిస్తే చిన్నగొంతు ఎక్కడ నిలబడుతుంది?

"సౌండు పెంచండి" అన్నాను. పెంచితే రెండూ పెరుగుతాయట.

"పోనీ, ఆ సాఫ్ట్‌వేరుతోనే తీసెయ్యండి."

"ఉప్పెక్కువైన పులుసులోంచి ఉప్పు ఏరగలవా?" అన్నారు. వంటింటి భాషలో చెబితేనే నాకు ఎక్కుతుందని ఆయన నమ్మకం. ఎక్కింది లెండి, అది వేరే సంగతి.

అంచేత అంకెలుగా మారకముందే, తీగకూ ముక్కకూ నడుమ జల్లెడ పెట్టాలి. కాయిల్సూ కెపాసిటర్లూ కలిపి, 500కు కిందిది పోనిచ్చి పైది ఆపేలా చేశారు. పెద్దగొంతు అణిగింది.

అణిగాక బయటపడింది బుర్రుమని ఒక రొద. అది జల్లెడకు చిక్కదు. కావలసిన చోటే కలిసిపోయి, బియ్యంలో బియ్యమంతే ఉన్న రాళ్లలాగా ఉంది. అలాంటివి చేత్తో ఏరుకోవలసిందే. ఇంట్లో ఒక్కో స్విచ్చీ ఆర్పుతూ పోతే దొంగ దొరికాడు: అత్తమ్మ గదిలో ఎల్‌ఈడీ బెడ్‌లైటు. దాని లోపలి సర్క్యూటు కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి అతికిస్తుంది.

"ఏమ్రా అబ్బీ, నీ రేడియో కోసరం నన్ను చీకట్లో పండుకోమంటావా? యాడన్నా పడితే ఎవురు లేపుతారు?"

అంతకుముందు ఏడే ఆమె రాత్రిపూట కాలు జారి మూడు నెలలు మంచాన పడింది. ఆయన నోరెత్తలేదు. నేనైతే అత్తమ్మ పార్టీ. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు.

చివరికి అటకమీంచి పాత జీరో బల్బు దించాను. పేరుకే జీరో, పదిహేను వాట్ల దాకా తాగుతుంది. కానీ ఉన్నది ఒక్క ఫిలమెంటు. సర్క్యూటూ లేదు, రొదా లేదు.

ఆ రాత్రి బీకనేమో గాని చిటపటలు మొదలయ్యాయి. వందల కిలోమీటర్ల అవతలి మెరుపులవి. అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ పరుచుకుని వస్తాయి కాబట్టి ఏ ఫిల్టరూ ఆపలేదని ఈయన విసుక్కున్నారు. గుడ్డివెలుతుర్లోంచి అత్తమ్మ అడిగింది, అదేం చప్పుడని. చెప్పాను. వాన కోసం చూసి చూసి వేరుశెనగ పండించిన మనిషి.

"యాడో వాన పడతాంది. ఆపొద్దురా, ఉండనీ."

ఈయన సౌండు కొంచెం పెంచారు.