పాతమందలోకి కొత్త తట్టు

చలి ముదిరింది, ఇట్ల మంట దగ్గరికి జరుగుండ్రి. పత్తికట్టె భగ్గున మండి చల్లారుతది, ఆ తుమ్మమొద్దు అంటుకునేదాకా జర ఓపిక పట్టాలె. అప్పటిదాకా మాలెగావ్ ముచ్చట చెప్త.

మాలెగావ్ అంటే నాసిక్ దిక్కు మగ్గాల ఊరు అనుకునేరు, అది వేరు. ఇది మన పక్క జిల్లా నాందేడ్‌లో, లోహా తాలూకాలో ఉన్నది. అక్కడ ఖండోబా కొలువు. గుర్రమెక్కి తిరిగే దేవుడు. మన దిక్కు మల్లన్న అని కొలిచేది కూడా ఈయన్నే అని పెద్దలంటరు. మార్గశిర బహుళంలో జాతర మొదలైతది. దర్శనం సంగతి అటుంచుండ్రి, అక్కడి గుర్రాల సంత చూడాలె. చెవుల కొనలు కలిసే మార్వాడీలు, కఠియావాడీలు ఒక దిక్కు మెరుస్తుంటయి, ఇంకో దిక్కు గాడిదలు, ఒంటెలు. వాటి నడుమ ఎవ్వరూ ఫొటో తియ్యని పొట్టి తట్టుగుర్రాలు. నా కన్ను మాత్రం వాటి మీదికే పోతది.

ఎందుకంటే ఈ నల్లరేగడికి, ఈ దూరాలకు పనికొచ్చేది అదే. సోయ కోసి, పత్తి ఏరుడు ఒడిసినంక ఈ సరిహద్దు చేన్లలో గొర్లమందలు దిగుతయి. చేన్లో మంద పెట్టిస్తే ఎరువు రైతుకు, గింజలో పైసలో కాపరికి. గొర్లు కాసే ధంగర్ల మంద వెంట నాలుగైదు తట్టులు ఉండాల్సిందే. డేరా గుడ్డ, గిన్నెలు, నడవలేని గొర్రెపిల్లలు, అన్నిటి మీద కాళ్లు కట్టిన కోళ్లు! ఇల్లు ఇల్లంతా ఆ వీపుల మీదనే నడుస్తది. మొగోళ్లు గొర్లను మేపుకుంట ఒక దారిన పోతే, మూటలు కట్టి గుర్రాలను తోలుకొని కొత్త జాగకు పోయేది ఆడవాళ్లు. అందుకే గుర్రాల గుణం ఎవరికన్న తెలుసుకోవాలని ఉంటే పటకా చుట్టుకున్న పెద్దమనిషిని కాదు, అవతల పొయ్యి ముట్టిస్తున్న అవ్వను అడగాలె.

ఈ చిన్న గుర్రాలకు భీమా నది ఒడ్డు పేరు మీద భీమ్‌థడీ అని పేరు. మరాఠా రౌతులు దక్కన్‌ను తొక్కి తిరిగింది ఎక్కువగా ఇట్లాంటి పొట్టిగుర్రాల మీదనే. దేశంలో అధికారికంగా గుర్తింపు పొందిన 8వ గుర్రపు జాతి ఇది. ఆ గుర్తింపు వచ్చింది మొన్నమొన్ననే. గుర్తింపు వచ్చేసరికి గుర్రాలే కరువైనయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, తట్టులు కలిపి 3.4 లక్షలే తేలినయి. 2012 లెక్క మీద 45 శాతానికి పైనే తగ్గుదల. టాంగాలు పోయినయి, ఆటోలు వచ్చినయి. బరాత్ గుర్రం ఒక్కటి మిగిలింది, దాని కష్టం దేవునికే తెలుసు.

ఇగ అసలు సంగతికి వస్త. జాతరలో బేరం కుదిరి, ఏడాదిన్నర పిల్లను టెంపోలో ఎక్కించి, భోకర్ మీదుగా తెచ్చినంక చాలామంది చేసే పని ఏందంటే, చీకటిపడే వేళకు దించి, నుదుట ఇంత పసుపు కుంకుమ పెట్టి, పాతవాటి నడుమ గుంజకు కట్టేసుడు. “అన్నీ గుర్రాలే కదా, అవే కలిసిపోతయి తియ్యి” అంటరు. కలుస్తయి, ఎందుకు కలవవు! కానీ కట్టేసి కలపొద్దు. ఈ రాత్రి నేను మీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే. మిగిలినదంతా దాని చుట్టూ తిరిగే ముచ్చట.

గుర్రాల కొట్లాటలో తన్నుడు కన్న బెదిరింపే ఎక్కువ. ముందు చెవులు వెనక్కి మెడకు అతుక్కుంటయి. అది వినకపోతే తల పాములెక్క కిందికి చాచి ముందుకొస్తది. అప్పటికీ కదలకపోతే వెనక్కి తిరిగి పిర్ర చూపిస్తది. ఇన్ని నోటీసులు ఇచ్చినంకనే కాలు లేస్తది. వీటన్నిటికీ కొత్తది చెప్పాల్సిన జవాబు ఒక్కటే, నాలుగు అడుగులు పక్కకు జరుగుడు. జరిగితే కేసు కొట్టేసినట్టే. కట్టేసిన పిల్ల ఎటు జరుగుతది? ముందరికాళ్ల బంధం వేసి మేతకు ఇడిచినా అంతే కథ. పాతవాటికి బంధం అలవాటు, గెంతుకుంట అయినా పోతయి. కొత్తది ముంగాళ్లు తట్టుకొని బోర్లపడ్తది. పారిపోను జాగ లేని గుర్రం మందలోని ముసలి ఆడగుర్రం ముందు మొండికేసినట్టు కనిపిస్తది. ముసలమ్మ ఊరుకుంటదా?

ఎవరు ఎవరికి తప్పుకోవాలె అనే ఈ పెత్తనపు వరుసల సంగతి ముందు బయటపెట్టింది కోళ్లు. నార్వేలో థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే అనే ఆయన పిల్లగాడిగా ఉన్నప్పటి నుంచే పెరట్ల ఏ కోడి ఏ కోడిని పొడుస్తదో రాసిపెట్టుకొని, 1920ల మొదట్లో దాన్ని శాస్త్రంగా చెప్పిండు. పైన నుంచి కిందిదాకా ఒక వరుస, అందులో ఎవరి మెట్టు వారిది. గుర్రాల్లో అంత సూటి గీత ఉండదు. ఎర్రది నల్లదాన్ని తరుముతది, నల్లది చుక్కదాన్ని తరుముతది, ఆ చుక్కదే తిరిగి ఎర్రదాన్ని నీళ్ల తొట్టి కాడికి రానియ్యదు. పెత్తనం ఎత్తును బట్టి కూడా రాదు. వయసును బట్టి, ఆ మందలో ఎన్ని ఎండలు ఎన్ని వానలు చూసిందనేదాన్ని బట్టి వస్తది. పళ్లరిగిన పొట్టి ఆడగుర్రం చెవి కదిపితే ఎత్తు గుర్రం తప్పుకునుడు సంతల్లో చూస్తనే ఉంటం.

ఇంతకూ కలుపుడు ఎప్పుడు? తెచ్చిన రోజు మాత్రం కాదు. మూడు వారాలు దూరం పెట్టాలె. వేరే కొట్టం, వేరే బకెట్, వేరే గోకుడు బ్రష్. ఇది గారాబం కాదు. నాలుగు రాష్ట్రాల గుర్రాలు ఒక్క తొట్లో మూతి పెట్టే జాగ సంత. దవడ కింద గడ్డ కట్టి చీము కారే రోగం ఒకటున్నది, అంటిన కొన్ని దినాలకు గానీ బయటపడదు. దానికన్న పెద్ద భయం గ్లాండర్స్. ముక్కు నుంచి జిగట చీమిడి, తోలు మీద పుండ్లు. మనుషులకు కూడా అంటుతది, మందు పెట్టి ఆ గుర్రాన్ని దక్కించుకునే దారి లేదు, తేలితే చంపుడే. దాని రక్తం పరీక్ష హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దాకా పోతది. కాబట్టి పశువుల దవాఖాన డాక్టర్‌కు ముందే చూపించుండ్రి. చూపించినందుకు ఇజ్జత్ ఏం పోదు.

ఆ మూడు వారాలు ఊరికెనే పోవు. దూరంగా ఉన్నా ఒకదాని సకిలింపు ఒకదానికి వినిపిస్తది, వాసన గాలిలో వస్తది. దవాఖాన నుంచి సరే అన్నంక దడి అవతల ఇవతల నాలుగైదు రోజులు ఉంచాలె. దడి అంటే వెదురు బొంగులో వాసాలో. ముళ్లతీగ పెట్టిన్రో, మీ గుర్రానికి మీరే గాయం కొనిచ్చినట్టు. ముక్కులు ముక్కులు కలుపుకుంటయి, కీచుమంటయి, ముందరికాలుతో నేలను కొడ్తయి. చూసేటోనికి గుండె జారుతది గానీ అది పలకరింపే. భైంసా నుంచి నాందేడ్ పోయే బస్సులో ముగ్గురు కూసున్న సీటు కాడ నాలుగో మనిషి నిలబడితే ఎట్ల ఉంటది? భోకర్ దాకా ఒక్కరూ మోకాలు జరపరు. భోకర్ దాటినంక ఆ నాలుగో మనిషి చేతిలోని పల్లీల పొట్లమే నలుగురి మధ్య తిరుగుతది. దడి ఆ భోకర్ దాకా పోయే ప్రయాణం.

తర్వాత మంద మొత్తాన్ని ఒక్కసారి చూపియ్యొద్దు. అందరికన్న నిమ్మళంగా ఉండే ఒక ఆడగుర్రాన్ని తీసి పిల్లతోని రెండు మూడు రోజులు మేపాలె. దోస్తానా కుదిరినంక ఆ ఇద్దరినీ కలిపి మందలోకి ఇడవాలె, పొద్దుగాల, కడుపునిండా మేసినంక, వెడల్పున్న చేన్లో. ఎవరికైనా వెనక గిట్టలకు లాడాలు ఉంటే ముందే తీయించుండ్రి. మూలలు పట్టే ఇరుకు దొడ్డి మాత్రం వద్దే వద్దు.

జొన్నచొప్ప కుప్పలు గుర్రాల లెక్క కన్న ఒకటి ఎక్కువ పెట్టాలె, దూరం దూరంగా. అయిదు గుర్రాలుంటే ఆరు కుప్పలు. తరిమించుకున్నది ఇంకో కుప్ప కాడికి పోయి తింటది, అంతే. ఇక్కడే మనిషి జాలి తెస్తడు తిప్పలు. “పాపం పిల్ల, తిననిస్తలేవు” అని బెల్లం ముక్కో పిడికెడు శనగలో పట్టుకొని మంద నడుమకు పోయి దాని నోట్లో పెడ్తడు. నాలుగు పెద్ద గుర్రాల ముక్కులు ఒక్కసారి అటు తిరుగుతయి. దెబ్బ పిల్లకే కాదు, శనగలు పట్టుకున్న చేతికి కూడా.

పిల్లగుర్రం చేసే ఒక పని చూడముచ్చటగా ఉంటది. పెద్దది దగ్గరికి రాంగనే మెడ చాచి, పెదవుల మూలలు వెనక్కి లాగి, నోరు తెరుస్తది మూస్తది, తెరుస్తది మూస్తది, పళ్లు టకటక కొట్టుకునేటట్టు. కరువవస్తున్నదని కొందరు కట్టె తీసుకొని కొడ్తరు. అది కరుచుడు కాదు. “నేను చిన్నదాన్ని, నా జోలికి రాకు” అనుడు. రెండు మూడేండ్లు నిండినంక ఈ అలవాటు పోతది.

నెత్తురు కారినా, కుంటినా, రోజంతా దడికి ఒత్తిగిలి మేత ముట్టకున్నా పిల్లను బయటికి తియ్యాలె, మళ్ల మొదటినుంచి. ఉత్త వెంట్రుకలు లేచిన పంటి గీతలైతే పట్టించుకోకుండ్రి. వారం, పది రోజులు గడిచినంక ఒక మధ్యాహ్నం రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మెడ కింది వీపును ఒకటి పళ్లతో గోక్కుంటుంటయి. ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద క్లాడియా ఫే, జాన్ ద మజియేర్ అనే ఇద్దరు 1993లో లెక్కగట్టి చూపించిన్రు, సరిగ్గా ఆ జాగలో గోకితే గుర్రం గుండె కొట్టుకునే వేగం తగ్గుతదట. మన ధంగర్ అవ్వలు మూట దించినంక తట్టుకు రుద్దేది కూడా ఆ జాగనే.

మీరు తెచ్చింది మగపిల్లైతే ఇంకో లెక్క ఉన్నది. ఈ చలికాలం ముద్దుగా నోరాడించే పిల్ల వచ్చే ఎండాకాలం నాటికి ఆడగుర్రాల చుట్టూ తిరుగుడు మొదలుపెడ్తది, అప్పుడు పాత మగగుర్రం చెవులు వెనక్కి పెట్టుడుతోని ఆగదు. ఎడ్లకు నొక్కినట్టు నొక్కి వదిలే పని కాదిది, మత్తిచ్చి విత్తులు తీయాలె. ఈగలు ముసరకముందే, చలి ఉండంగనే చేయించుండ్రి. ఎండలు ముదిరినంక మీరు నెత్తికి రుమాలు కట్టుకొని దవాఖాన కాడ నిలబడితే డాక్టర్ మిమ్ములను చూసి “మాఘంలో ఏం చేసిన్రు?” అని అడుగుతడు.