తేదీ లేని లెక్క

మా భివండి పద్మనగర్‌లో తెలిసినవాళ్ల కారిఖానా లెక్కంతా కంప్యూటర్ నోట్‌ప్యాడ్‌లోనే. సాంచా (మరమగ్గం) నంబరు, బీము, మీటర్లు, అడ్వాన్సు. పగారు నాడు పంచాయితీ మాత్రం మీటర్ల మీద కాదు, తేదీ మీద: "ఈ రేటు ఎప్పుడు మార్చిండ్రు సేటూ?"

ఫైల్ పక్కన కనిపించే తేదీ దీనికి జవాబు చెప్పదు. ఒక్క అక్షరం దిద్ది సేవ్ చేసినా అది మారిపోతుంది. ఏ లైను ఎప్పుడు రాశారో అందులో ఉండదు.

మందు నోట్‌ప్యాడ్‌లోనే ఉంది. మొదటి లైన్లో చుక్క పెట్టి, వెంటనే ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఎల్, ఓ, జి కొట్టి సేవ్ చేయండి. ఇక ఆ ఫైల్ తెరిచినప్పుడల్లా చివర్లో టైము, తేదీ వాటంతటవే పడతాయి. దాని కింద ఆ రోజు లెక్క రాసి సేవ్ చేస్తే సరి. మధ్యలో కావాలంటే ఎఫ్5 నొక్కండి.

కానీ పడ్డ తేదీని చేత్తో దిద్దకుండా ఆపేదేమీ లేదు. కంప్యూటర్ గడియారం తప్పైతే తేదీ కూడా తప్పే. కాబట్టి సేట్లూ, కార్మికులూ, పగారు నాడు ఆ పేజీ ప్రింటు తీసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.